ఉక్కునగరమున పంటల ప్రదర్శనము – దొన్నెలోని చరిత్ర

వ్యవసాయ ప్రదర్శనములను గూర్చి ప్రభుత్వములు ప్రకటించు నివేదికలలో నాగళ్ల లెక్క ఉండును, ఎడ్ల జతల లెక్క ఉండును, బహుమతి పొందిన గుమ్మడికాయ బరువు ఉండును. చూడవచ్చిన జనము అచట ఏమి తినిరో మాత్రము సాధారణముగా ఉండదు. కాని ఇంటిల్లిపాదియు కదలి ప్రదర్శనమునకు పోయినప్పుడు మనసున నిలుచునది ఏది? కొత్త నాగలిని చూచి వచ్చినవాడు నెల తిరుగకముందే దానిని మరచును. ఆనాడు దొన్నెలో పెట్టి ఇచ్చిన వేడి బజ్జీని చిన్నతనమున తిన్నవాడు తలనెరసిన తరువాత గూడ చెప్పును. నివేదికలు విడిచిపెట్టిన ఈ భాగమును భిలాయి నగరము ఆధారముగా కొంత పరిశీలింపవలెనని నా ఉద్దేశము.

పంటలకును ఉక్కునకును పొత్తేమి అని పాఠకులు అడుగవచ్చును. ఆ పొత్తు నేలలోనే ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వము సోవియట్ సమాఖ్యతో ఒడంబడిక చేసికొన్నప్పుడు భిలాయి దుర్గ్ జిల్లాలో, హౌరా–బొంబాయి రైలుమార్గముపై నున్న చిన్న ఊరు. చుట్టును వరిపొలములు. ఇనుపరాయి దల్లీ–రాజహరా కొండలలోను, సున్నపురాయి నందినిలోను దొరకుట, నీటికి తాందులా జలాశయము అందుబాటున నుండుట ఆ చోటు ఎన్నికకు ముఖ్య కారణములు. తాందులా నీరు అంతవరకు వరిమళ్లకు పారిన నీరని మరువరాదు. ఏటికి 10 లక్షల టన్నుల ఉక్కు తీయవలెనన్న తొలి సంకల్పముతో కట్టిన ఆ కర్మాగారమున, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. అప్పటికే అనేక గ్రామముల పొలములు కర్మాగారపు ఆవరణములోనికి, సెక్టారుల వీధులలోనికి పోయినవి. ఛత్తీస్‌గఢ్‌కు వరిధాన్యపు గిన్నె అని ప్రసిద్ధి. ఆ గిన్నె అంచున ఒక ముక్కను తీసి కొలిమిగా చేసికొన్న నగరము భిలాయి.

ఆ కొలిమికి మనుష్యులు దేశము నలుమూలలనుండి వచ్చిరి. తెలుగువారు తక్కువగా రాలేదు. విజయనగరమును రాయపురముతో కలుపు రైలుమార్గము 1930వ దశకపు ఆరంభమునకే పూర్తియై యుండుటచేత శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములవారికి ఇది దూరదేశము కాలేదు. అంతకుముందును సంబంధము లేకపోలేదు. బస్తరును ఏలిన రాజవంశము తమ మూలమును కాకతీయులలో చెప్పుకొన్నది. ఆ సీమ దక్షిణాంచున భోపాలపట్నము ప్రాంతమున నేటికిని తెలుగు మాట్లాడుదురు. భిలాయి తెలుగువారు ఆంధ్ర సాహిత్య సమితిని నెలకొల్పుకొనిరి. సెక్టారు 5లో బాలాజీ మందిరమును కట్టుకొనిరి. ఇవి రాతలో నిలిచిన గుర్తులు. వారి వంటయింటి చరిత్రను వ్రాసినవారు లేరు. మా తండ్రిగారు ఈ కర్మాగారమున ఉద్యోగించినవారు; ఈ సెక్టారులలో పెరిగినవాడనగుటచేత నాకు ఆ లోటు తెలియును.

ఇక ప్రదర్శనముల సంగతి. మన దేశమున వ్యవసాయ ప్రదర్శనమన్నది ఆంగ్లేయుల వెంట వచ్చిన ఏర్పాటు. ఇంగ్లండున భూస్వాములు సంఘములు పెట్టుకొని, మేలైన పశువునకు, మేలైన గింజకు బహుమానము లిచ్చు ఆచారము 18వ శతాబ్ది చివరి పాదముననే బలపడినది; 1838లో వారి పెద్ద వ్యవసాయ సంఘము ఏర్పడి, మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డున తన తొలి ప్రదర్శనమును జరిపినది. కలకత్తాలో విలియం కేరీ 1820లోనే వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించెను. 1864 జనవరిలో అదే నగరమున ఆలీపూరులో పెద్ద వ్యవసాయ ప్రదర్శనము జరిగినది. చెన్నరాజధానిలో గవర్నరు సర్ విలియం డెనిసన్ ఆ రోజులలోనే ఆవిరియంత్రములను, విదేశపు నాగళ్లను తెప్పించి సైదాపేటలో ప్రయోగ క్షేత్రము పెట్టించెను. మన కథకు దగ్గరిది 1865 డిసెంబరున నాగపురమున జరిగిన ప్రదర్శనము. సెంట్రల్ ప్రావిన్సెస్ అను కొత్త రాష్ట్రము ఏర్పడి నాలుగేండ్లే అయినది. చీఫ్ కమిషనరు రిచర్డ్ టెంపుల్ తన రాష్ట్రమున పండునది, తయారగునది అంతయు ఒకచోట పరచి చూపింపదలచెను. ఛత్తీస్‌గఢ్ అప్పుడు ఆ రాష్ట్రములోని భాగము.

ఈ ప్రదర్శనములన్నిటికిని ఒక పోలిక ఉన్నది. రైతు అక్కడ విద్యార్థి, దొరతనము గురువు. బల్లమీద పెట్టిన గింజ చూచుటకే గాని తినుటకు కాదు. ముట్టుకొనరాదని చీటీ వ్రాసి పెట్టిన పంటను మన పల్లెవారు అంతకుముందు ఎన్నడును చూచి యుండరు. వారు ఎరిగినది తిరునాళ్లు, జాతర, సంత. ఛత్తీస్‌గఢ్‌లో దానికి మడయి అని పేరు. దీపావళి దాటి, వరికోతలు సాగుచుండగా, రౌతులను పశుకాపరులు గవ్వల కుట్లు కుట్టిన దుస్తులు తొడిగి కఱ్ఱలు పట్టి ఆడుచు వత్తురు. ఊరికొక దినము చొప్పున మడయి నిలుచును. అక్కడ ఎవరును బహుమతు లీయరు. కొత్త ధాన్యమును వేయించి చేసిన పేలాలకు బెల్లపు పాకము పట్టించిన ఉఖరాను కొని, తువాలు కొంగున మూటగట్టి, ఇంట మిగిలిన ముసలివారికి తీసికొనిపోవుదురు. పంట బాగుగ వచ్చినదనుటకు ఆ మూటయే నిదర్శనము. పుష్యపౌర్ణమినాడు పిల్లలు ఇంటింటికి పోయి ధాన్యము అడుగుకొను ఛేర్‌ఛేరా పండుగ గూడ ఈ వరుసలోనిదే.

కనుక రెండు సంప్రదాయములు ఉన్నవి. ఒకటి పంటను బల్లపై నిలిపి మార్కు లిచ్చునది. రెండవది పంటను వండి పంచునది. స్వతంత్ర భారతమున జరిగిన వ్యవసాయ మేళాలన్నియు ఈ రెంటికి పుట్టిన బిడ్డలే అనిపించును. వాని తండ్రి పోలికలను ప్రభుత్వ నివేదికలు వర్ణించినవి. తల్లి పోలికలు వంటపొయ్యిల దగ్గర మిగిలిపోయినవి.

1959వ సంవత్సరము ఈ దృష్టితో చూడదగినది. ఆ యేటి ఫిబ్రవరిలో భిలాయి కొలిమి వెలిగినది. డిసెంబరు 11న ఢిల్లీలో ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనము తెరచిరి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు స్వయముగా వచ్చి ప్రారంభోత్సవమున పాల్గొనెను. అమెరికావారు తమ మండపమునకు మేళా అనియే పేరు పెట్టుకొనిరి. రష్యా మండపమును పోటీగా నిలిచినది. ఇనుము రష్యావారు, గోధుమలు అమెరికావారు ఇచ్చుచుండిన రోజులవి. ఆ రెండు రాజ్యముల పందెము మన రైతు ఎదుట అట్లు సాగినది. భిలాయి సెక్టారులలో మాత్రము రష్యా నిపుణులును, ఆంధ్ర, బెంగాలు, పంజాబు, కేరళ దేశముల ఉద్యోగులును, పొలము పోయి కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢీ రైతును ఒకే బజారులో కూరలు కొనవలసి వచ్చినది. కూరలు తెచ్చినవారు చుట్టుపట్ల పల్లెల ఆడువారు. నగరము వారి పొలమును తీసికొన్నది. పిదప వారి కూరగాయలకు బేరమాడినది. ఆ బేరము నేటికిని సాగుచునే యున్నది.

ఆ స్నేహమునకు చిహ్నముగా 1972లో కర్మాగారమువారు మైత్రీ బాగ్ అను పెద్ద ఉద్యానమును, జంతుశాలను ఏర్పరచిరి. తెల్ల పులుల వలన దానికి దేశమంతట పేరు వచ్చినది. ఏటేట చలికాలపు చివర ఆ తోటలో కర్మాగారపు ఉద్యానశాఖవారు పుష్ప ప్రదర్శనము జరుపుదురు. పేరునకు పుష్ప ప్రదర్శనమే గాని అందు కూరగాయలు, పండ్లు కూడ పోటీకి వచ్చును. డేలియాలు, గులాబులు, చేమంతుల వరుసలు దాటిన తరువాత కాలీఫ్లవరును, ముల్లంగిని, వంకాయను, సొరకాయను కడిగి తుడిచి పెండ్లికొడుకులవలె కూర్చుండబెట్టుదురు. ఉక్కునగరమునకు తనదైన పంటల ప్రదర్శనము ఇదియే. సంవత్సరమంతయు రైలుపట్టాలు సాగదీయు చేతులు క్వార్టరు వెనుక పెరటిలో ఎంతటి సొరకాయను కాయించగలవో ఆనాడు తెలియును. ఆ చేతులలో అనేకము రైతుబిడ్డలవి. పొలమును విడిచి వచ్చినవాడు నాలుగు గజముల పెరటిలో పొలమును మరల పెట్టుకొనుట ఈ నగరపు చరిత్రలో వ్రాయవలసిన విషయము.

మా యింట ఆ ప్రదర్శనమునకు పోవుట ఒక పండుగ. ముందు తరమువారు స్టీలు టిఫిను డబ్బాలో పులిహోర కట్టుకొని పోయెడివారు. బయట తినుట అప్పుడు మర్యాద గాదు. మా తరమున ఆ నియమము సడలినది. ఇప్పుడు పువ్వులను చూచుట ఒక గడియ, తినుట రెండు గడియలు. తోట వెలుపల వరుసగా బండ్లు నిలుచును. ఇడ్లీ, దోసె అమ్మువానిని ఇక్కడివారు సౌత్ ఇండియన్ అందురు, వాడు పుట్టుకతో బిహారువాడైనను. మిరపకాయ బజ్జీ ఆంధ్రుల సొత్తని మనవారి అభిమానము. ఇక్కడి భజియా అమ్మువాడు ఆ అభిమానమును లెక్కపెట్టడు, రుచిలోను లోటు చేయడు. శనగపిండిలో తివరాపిండి కలిసినదేమో అని పెద్దలు ఒకమారు వేలికొసను నాలుకకు తాకించి చూతురు. తివరా అనగా మన లంకపప్పు. వరిచేను కోతకు రాకముందే తడిలో దాని గింజ చల్లుట ఇక్కడి రైతుల పాత పద్ధతి; దానిని ఉతేరా అందురు. మితిమీరి తిన్నచో కాళ్లు పడిపోవునని 1961లో దాని అమ్మకమును నిషేధించు నియమము వచ్చినది. రాయపురపు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు విషము తక్కువగల మహాతివరా అను రకమును తరువాత తయారుచేసిరి. దాని లేత ఆకును కూరగా వండిన రుచి తెలిసినవారు నిషేధమును విని నవ్వుదురు.

ఇటీవలి సంవత్సరములలో స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఛత్తీస్‌గఢీ వంటకములతో ఇట్టి సందర్భములకు వచ్చుచున్నారు. ఈ వంటకములకు నగరములలో మర్యాద కొత్తగా కలిగినది. రాయపురమున 2016లో సంస్కృతిశాఖ ఆవరణమున గఢ్ కలేవా అను పలహారశాల తెరచినది మొదలు, వానిని పేరు పెట్టి అడుగుట నామోషీ గాకుండ పోయినది. నా చిన్ననాడు ఈ వంటకములు పనిమనిషి కొంగున మాత్రమే మా యింటికి వచ్చెడివి.

వాని పేర్లను తెలుగు చెవితో వినుట ఒక వినోదము. బియ్యపుపిండి జారుగా కలిపి పెనముపై పోసినది చీలా; మన అట్టునకు చెల్లెలు. వండిన అన్నమును పిండితో కలిపి వేళ్లవలె చుట్టి, ఆవిరిపై ఉడికించి, నువ్వులతో తాలింపు పెట్టినది ఫరా. అదే ముద్దను పిడికిట నొక్కి విడిచినచో ముఠియా. శనగపిండికి వాము చేర్చి త్రాడువలె పురిపెట్టి వేయించినది ఠేఠరీ. మన జంతికలు గొట్టములోనుండి వచ్చును, ఇది చేతిలోనుండి వచ్చును. గోధుమపిండి బెల్లములతో ఖుర్మీ. పెరుగు కలిపి పులియబెట్టిన బియ్యపుపిండిని వేయించి పాకమున ముంచినది దేహరౌరీ. బియ్యపుపిండి పూరీ చౌసేలా. పెట్టి ఇచ్చునది దోనాలో, మన దొన్నెయే. మరమరాలు ఇక్కడ ముర్రా. కూరాకుల సంగతి చెప్పిన తెమలదు. రాష్ట్రము పేరులోనే ముప్పదియాఱు ఉన్నది గనుక భాజీలును ముప్పదియాఱని ఇక్కడివారు చమత్కరింతురు. కర్మత్తా మన తూటికూర, చరోటా మన తగిరిస. తగిరిసను తెలుగుసీమలో కరవునాటి కూరగా తలచుదురు. ఇక్కడ తొలకరి పడగానే వెదకి కోసికొందురు.

వీనిలో ఐరసా అను దానివద్ద మా పెద్దమ్మ ఆగినది. ఆమె పుట్టినది తణుకు దగ్గరి పల్లెలో, కాపురమునకు వచ్చినది భిలాయికి. వయస్సు ఎనుబది దాటినది. మూకుడులోనుండి తీసి నూనె వార్చుచున్న ఎఱ్ఱని బిళ్లను చూచి, “ఇవి అరిసెలేనే తల్లీ!” అనినది తెలుగుననే. అమ్ముచున్న స్త్రీ, “ఐరసా, దాయీ” అని సవరించినది. ఇక్కడ దాయీ అనగా అమ్మ. బియ్యము నానబెట్టి, తడిపిండి దంచి, బెల్లపు పాకము పట్టి, నువ్వులద్ది వేయించుట – ఇద్దరి పద్ధతియు ఒక్కటే అని రెండు నిమిషములలో తేలినది. ఒడిసీలో అరిసా, మరాఠీలో అనార్సా, తమిళమున అదిరసము. తిరుమల శాసనములలో స్వామి నైవేద్యముల నడుమ అతిరసము పేరు కనబడుచున్నది. ఏది ఏ మాటకు పుట్టినదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసినదే గాని, వరి పండి బెల్లము వండు నేలలన్నిటను ఈ బిళ్ల ఉండుట మాత్రము కంటికి కనబడు నిజము.

పెద్దమ్మ తరువాతి ప్రశ్న వేసినది. రైతుబిడ్డ వేయు ప్రశ్న అది. “ఏం బియ్యం?”

“స్వర్ణా” అని సమాధానము.

పెద్దమ్మ మొగము వికసించినది. “అది మా మారుటేరు బియ్యమే” అనినది. మారుటేరు ఆమె పుట్టినూరికి చాల దూరము గాదు. ఆ అమ్మునామె మాత్రము అంతగా సంతోషింపలేదు. “మా అత్త గుర్మటియాతో చేసేది, దాయీ. అది ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ వేయరు. స్వర్ణాతో చేస్తే బిళ్ల వస్తుంది, ఆ రుచి రాదు” అనినది. నేను హిందీని తెలుగు చేసి చెప్పినది ఈ సంభాషణయొక్క సారాంశము మాత్రమే. పెద్దమ్మ ఒక క్షణము ఊరకుండి, “అయితే తప్పు మాదేనన్నమాట” అనినది. ఆమె నవ్వుచునే అనినది. ఆ మాట నన్ను చాల దినములు వదలలేదు. ఈ వ్యాసమునకు కారణమును అదియే.

స్వర్ణ చరిత్ర పాఠకులకు కొంత చెప్పవలెను. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరులో 1925లో స్థాపితమైన వరి పరిశోధన క్షేత్రము ఉన్నది. వశిష్ఠ, మసూరి రకములను సంకరము చేసి అక్కడివారు రూపొందించిన ఎం.టి.యు. 7029ను 1982లో విడుదల చేసిరి. దానికే స్వర్ణ అని పేరు. ఎరువు తక్కువైనను తట్టుకొని, దిగుబడి ఎక్కువగా ఇచ్చు ఆ వరి గోదావరి గట్టులను దాటి ఒడిస్సా, ఛత్తీస్‌గఢ్, బిహారు, బెంగాలు దేశములను, బంగ్లాదేశ్‌ను గూడ ఆక్రమించినది. తెలుగు కావ్యము ఏదియు హిమవత్సేతువుల నడుమ ఇంతమంది నోట పడలేదు. మన అనువాదకులము నూరు గ్రంథములతో సాధింపలేని వ్యాప్తిని ఒక గింజ సాధించినది. అది అన్నము పెట్టినది, ఆకలి తీర్చినది, దానిని నిందించువాడు ఆకలి నెరుగనివాడు. కాని అది వచ్చినచోట ఏవి పోయినవని అడుగుటకు మనకు హక్కు లేకపోలేదు. ఆ గింజ మనది గనుక, ఆ ప్రశ్న వేయుట మన విధి అని గూడ నేననుకొందును.

ఏవి పోయినవో లెక్క వ్రాసిన మహానుభావుడు ఒకడు ఈ నేలపైననే పనిచేసెను. డాక్టరు ఆర్. హెచ్. రిఛారియా కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకుడుగా నుండి, తరువాత 1970వ దశకమున రాయపురమున నాటి మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థను నడపెను. ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండి 17,000కు పైబడిన వరి నమూనాలను సేకరింపజేసెను. గింజను ఒక సంఖ్యగా మాత్రము ఆయన చూడలేదు. దాని స్థానిక నామమేమి, ఏ పొలమున పండును, దేనికి పనికివచ్చును అని రైతులను అడిగించెను. పేలాలకు ఒక వరి, అటుకులకు ఒక వరి, బాలింతకు ఒక వరి, చద్దికి ఒక వరి. ఇట్టి వర్గీకరణము పరిశోధనశాలలో పుట్టదు. పొయ్యి దగ్గర పుట్టును. అధికారులకు ఆయన మార్గము నచ్చలేదు. ఆ సంస్థ మూతపడినది. 1996లో ఆయన కన్నుమూసెను. ఆ సేకరణము నేడు 1987లో ఏర్పడిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయమున భద్రపరుపబడి, మరికొంత పెరిగి 20,000 దాటినది. 2002లో సింజెంటా అను బహుళజాతి సంస్థతో విశ్వవిద్యాలయము ఒప్పందమునకు పూనుకొన్నప్పుడు రైతులును ప్రజాసంఘములును ఎదిరించిరి, ఒప్పందము విరమింపబడినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1న ఏర్పడి అప్పటికి రెండేండ్లు. కొత్త రాష్ట్రపు ప్రజలు తమ గింజకై పోరాడిన తొలి పోరాటములలో దానిని చేర్పవలెను.

గుర్మటియా వంటి ముతక వరులు శీతలాగారపు సీసాలో ఉన్నవి. పొలమున ఉన్నవి ఎన్ని? సీసాలోని గింజ చావదు, నిజమే. అయితే దానితో ఐరసా చేయు చేయి సీసాలో పట్టదు గదా.

చద్ది విషయము వచ్చినది గనుక ఒక మాట. ఉదయము వండిన అన్నమున నీరు పోసికొని నాడే తిన్నచో ఇక్కడ బోరే అందురు. రాత్రియంతయు నానినచో బాసి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కొంచెము పెరుగు. మన చద్దన్నము, మన తరవాణి. 2022 మే 1న, శ్రామిక దినమున, అందరును బోరే బాసి తినవలెనని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చిరి. ఆనాడు అధికారులు చాపలపై కూర్చుండి బాసి తినుచు తీయించుకొన్న ఛాయాచిత్రములు పత్రికలనిండ వచ్చినవి. నాకు అది కొంత సంతోషమును, కొంత సంకోచమును కలిగించినది. తలవంపుగా నుండిన తిండి తలయెత్తుకొనుట మంచిదే. కాని కొలిమి కట్టిన తొలినాళ్లలో మట్టి మోసిన కూలి బాసి తినినది సంస్కృతికై కాదు. ఎండలో పనిచేయుటకు అదొక్కటే నిలుచును, ఇంట అదొక్కటే ఉండును. ఈ రెండవ కారణమును ఛాయాచిత్రము చూపదు.

మన సాహిత్యము ఈ విషయమున పేదది కాదు. క్రీడాభిరామమున ఓరుగల్లు పూటకూళ్లింట ఒక రూకకు ఏమేమి పెట్టుదురో కవి చెప్పెను. ఆ పద్యము లేనిచో కాకతీయుల నాటి సామాన్యుని భోజనమును మనమెట్లు ఊహింపగలము? విష్ణుచిత్తుడు ఏ ఋతువున అతిథులకు ఏమి వడ్డించెనో ఆముక్తమాల్యద చెప్పినది. హంసవింశతి కర్త వస్తువుల పేర్లను గుప్పించినందుకు విమర్శకులము ఆయనను విసుగుకొన్నాము. నేడు ఆ పట్టికలే చరిత్రకారునికి భాండాగారము. సురవరము ప్రతాపరెడ్డిగారు ఇట్టి పద్యములనుండియే తిండిని, బట్టను, ఆటపాటలను ఏరి ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసిరి. 1955లో సాహిత్య అకాడెమీ తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారము ఆ గ్రంథమునకే లభించినది. భిలాయి ఒడంబడిక జరిగిన ఏడును అదియే. ఆ గ్రంథము తరువాత ఈ రంగమున మనము చేసినది కొంచెము. ముఖ్యముగా తెలుగుసీమ దాటి పోయిన తెలుగువాని తిండిని గూర్చి వ్రాయుట మరచితిమి. హైదరాబాదు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై తరువాత నాంపల్లికి మారిన చరిత్ర మనకు తెలియును. దుకాణముల సంఖ్యయు తెలియును. అక్కడ మూడు తరముల కుటుంబములు ఏ తిండికై బారులు తీరి నిలిచినవో కథలలో ఒక వాక్యముగా తప్ప దొరకదు. భిలాయి, ఖరగ్‌పూరు, జంషెడ్‌పూరు తెలుగువారి విషయమున ఆ వాక్యమును కరవే. ఈ ఊళ్ల పిల్లలకు తెలుగు లిపి రాదని మనము వగచుచుందుము. వారికి తెలుగున మిగిలిన మాటలలో సగము వంటయింటివే. ఆవకాయ, పప్పుచారు, గోంగూర – ఈ మాటలను వారు హిందీ వాక్యములో గూడ అనువదింపరు. అనువాదకుడనైన నాకు ఇది గమనింపదగిన విషయముగా తోచినది.

సువాసనగల వరులకు మంచి దినములు వచ్చినట్లున్నవి. సర్గుజా సీమ జీరాఫూలునకు 2019లోను, నగరి దుబ్‌రాజునకు 2023లోను భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. దుబ్‌రాజు పాయసము చిన్న గిన్నెలలో పెట్టి మంచి ధరకు అమ్ముచున్నారు, తినదగినదే. ముతక ధాన్యమునకు ఆ మర్యాద సులభముగా దొరకదు. దానికి పరిమళము లేదు. కడుపున నిలుచు గుణము, పాకమును పట్టుకొను గుణము మాత్రమే కలవు.

గుర్మటియా బియ్యము దుర్గ్ వైపు పల్లెలలో వెదకగా ఒకచోట దొరకినది. దానిని ఇంటి అవసరమునకు మాత్రమే వేసికొను రైతు రెండు కిలోలు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ సంక్రాంతికి పెద్దమ్మ దానితోనే అరిసెలు వండినది. పాకము కుదిరినది; బిళ్ల కొంచెము గట్టిపడినది. పిల్లలు వానిని ఐరసాలనిరి; ఆమె సవరింపలేదు. ఒక బిళ్లను విఱిచి, నోట వేసికొని, ఈ బియ్యమును ఇంకొక పూట ఎక్కువ నానబెట్టవలెననినది.